ఎద్దు బొమ్మ

బకాలా కొట్లో డబ్బా మాంసం వరస చూస్తే ఇప్పటికీ నాకు ఆయన గోరే గుర్తొస్తుంది. అరబ్బు దేశంలో, మంగఫ్‌లో నా గదిలో ఉండే ఆయన మా ఊరి పటేల్. కంపెనీ బస్సు దిగి వచ్చిన ఆకలికి డబ్బాను మించిన వంట ఏముంది? అయితే మూత తీయకముందే, దాని మీది ఎద్దు బొమ్మ కాగితాన్ని బొటనవేలి గోరుతో గీకి గీకి పీకేసేవాడు. బొమ్మ పోయాక అది ఆయనకు వట్టి మాంసం. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి వేసి వేయించి, నాతో ఒకే పళ్ళెంలో తినేవాడు. నేను మాదిగోణ్ణని ఆయనకు తెలుసు.

"ఈడ అవన్నీ ఏడియిర తమ్మీ, తిను" అనేవాడు.

ఒకసారి ఇద్దరం కలిసే సెలవు మీద ఊరికి వెళ్ళాం. ఆయన కొత్తింటి దావత్‌కు పిలిస్తే పోయాను. బంతిలో కూర్చున్న నన్ను, భుజం మీద చెయ్యి వేసి మరీ లేపాడు. పశువుల కొట్టం పక్కన వేరే విస్తరి వేయించాడు.

"ఊర్లె ఊరి లెక్కనే ఉండాలె. ఏమనుకోకు తమ్మీ."

మంగఫ్‌కు తిరిగొచ్చాక మళ్ళీ డబ్బా తెచ్చి, గోరు పెట్టబోయాడు. నేను లాక్కున్నాను. కాగితం చిరగకుండా మూత తీసి, ఎద్దు ముఖం ఆయన వైపు తిప్పి పెట్టాను.

"మంగఫ్‌ల మంగఫ్ లెక్కనే ఉండాలె పటేలా. తిను."

ఆకలి కదా, తిన్నాడు. తిన్నంతసేపూ ఎడమచేత్తో ఎద్దు ముఖం మూసే ఉంచాడు.