బాడిస కామ

మా ఆయన వడ్రంగి. నాకు సంతకం వరకే చదువు గనుక నేను చెబుతుంటే మనవరాలు రాస్తోంది. ఆయన బతికుండగా ఆయనతో చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గరే ఉండిపోయింది.

అప్పట్లో మా కాపురం రేపల్లెలో. ఆయన పనిముట్లన్నీ ఒక గోనెసంచిలో పట్టేవి. రంపం, చిత్రిక, నాలుగు ఉలులు, కర్ర చెక్కే బాడిస. ఆ బాడిస మా మామగారిది. దాని కామ, అదే తుమ్మకర్ర పిడి, నల్లబడి, ఒకపక్క గుంటపడి, పేలిక చుట్టి ఉండేది. చిన్నప్పుడు దూలం మీదపడి ఆయన కుడి బొటనవేలు వంగకుండా పోయింది. కర్ర చెక్కేటప్పుడు ఆ వేలు సరిగ్గా ఆ గుంటలో ఆనేది. రోజూ చూసేదాన్నే. చూశాను గాని, ఆలోచించలేదు.

ఎవరైనా పనిముట్టు బాగాలేదంటే ఆయనకు నవ్వు. "ఆడలేక మద్దెల ఓడంట! పనితనం చేతిలో ఉండాలిరా" అనేవాడు.

ఒక ఏడాది దసరా ముందు బాపట్లలో పెద్ద మేడ కడుతున్నారు. వీధిగుమ్మం చెక్కడానికి మేస్త్రీ ఈయన్నీ, తెనాలి వడ్రంగి ఒకాయన్నీ పిలిపించాడు. తెనాలి ఆయనకు ఎర్రరంగు పెట్టె, అందులో తళతళలాడే సామాను. ఈయన గోనెసంచి విప్పగానే మేస్త్రీ, "ఏంటి బాబాయ్, ఇది బాడిసా, మీ తాతగారి చేతికర్రా?" అన్నాడట. అందరూ నవ్వారట. పండగ వెళ్లాక వచ్చి గుమ్మం ఒకపక్క చెక్కి చూపించమన్నాడు. నచ్చితే ఆ ఇంటి తలుపులు, కిటికీలు అన్నీ ఈయనకే. రెండేళ్ల పని. ఆయన నవ్వుతూనే చెప్పాడు. ఆ చేతికర్ర మాట మాత్రం నన్ను వదల్లేదు.

ఆయుధపూజ ముందురోజు ఆయన కర్ర చూసుకోవడానికి బాపట్ల వెళ్లాడు. నేను బాడిసను చీరకొంగులో చుట్టుకుని రైలెక్కి తెనాలి పోయాను. ఇనపసామాన్ల కొట్లో కొత్త కామ వేయించాను. తెల్లగా, నున్నగా, పెళ్లికూతురి చెయ్యిలా ఉంది. "పాతది పారెయ్యమంటారా అమ్మా?" అన్నాడు కొట్టు ఆయన. "ఎందుకండి, పొయ్యిలోకి పనికొస్తుంది" అని తెచ్చుకున్నాను. సాయంత్రం దానితోనే ఆయనకు నీళ్లు కాచాను. ఏళ్ల తరబడి నూనె తాగిన కర్ర, భగ్గున మండింది.

మర్నాడు పూజలో పెట్టాక చూశాడు.

"పాత కామేదే?"

"నిన్న మీరు పోసుకున్న వేణ్ణీళ్లు దానివేగా!"

"నీళ్లు బాగానే కాగాయిలే" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

బాపట్లలో రెండోరోజే దెబ్బ పక్కకుపోయి గుమ్మం అంచు చీలింది. మంచి టేకు. పని తెనాలి ఆయనకు వెళ్లిపోయింది. ఈయన ఇంటికొచ్చి సంచి గోడకు తగిలించాడు.

తరవాత తనే మూడు కామలు చెక్కి వేసుకున్నాడు. ప్రతిసారీ బొటనవేలు ఆనించి చూసేవాడు, ఊడదీసి పక్కన పెట్టేవాడు. చివరికి నేను వేయించిందే మళ్లీ తగిలించాడు. "చెయ్యి పోయిందే నాకు" అన్నాడు ఒకరోజు. నలభై అయిదేళ్లయినా లేవు. చెయ్యి కాదయ్యా, నేను పొయ్యిలో పెట్టిన కర్ర అని చెప్పాల్సింది. నా తప్పు నా నోటితో ఒప్పుకోవాలి కదా. నోరు రాలేదు. ఆ తరవాత గుమ్మం ముట్టుకోలేదాయన. మంచాలకు కోళ్లు బిగిస్తూ, పీటలకు మేకులు కొడుతూ మూడేళ్లు బతికాడు. జ్వరంతో పోయాడు.

పదకొండోరోజున ఆ తెనాలి వడ్రంగి వచ్చాడు. అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"గుమ్మం చీలిన వేళ నేనక్కడే ఉన్నానక్కా. మేస్త్రీ మంచోడే. 'కొత్త కామ జారిందా బాబాయ్? పాతది వేసుకుని రేపు రా' అన్నాడు. బావగారేమన్నారో తెలుసా? 'కామ బాగానే ఉందండి. జారింది నా చెయ్యే' అన్నారు."

పాతది వేసుకు రమ్మంటే ఎక్కడినుంచి తెస్తాడు?

బాడిస ఇప్పటికీ నా దగ్గరే ఉంది. దసరాకు కడిగి బొట్టు పెడతాను. ఆ కామ మీద చెయ్యి వేసి తడుముతాను. ఎక్కడా గుంట తగలదు.