అత్తగారి అప్పగింతలు

ఎండిన వేపాకు వాసన తగిలితే చాలు, ఈ వయసులోనూ నాకు నవ్వొస్తుంది. మొన్న మా కోడలు పట్టుచీరల మధ్య పెట్టడానికి వేపాకు ఎండబెట్టింది. ఆ గదిలోకి వెళ్లగానే మా అత్తగారు సింహాచలమ్మ నా కళ్ల ముందు నిలిచింది. నులక మంచం మీద వెల్లకిలా పడుకుని, చేతులు గుండెల మీద పెట్టుకుని, చచ్చిపోయినట్టు నటిస్తూ.

నేను మాడుగుల నుంచి చోడవరం కోడలిగా వచ్చింది పందొమ్మిదివందల యాభైల్లో. అప్పటికే మా మామగారు లేరు. చెరకు తోటలో కూలీలతో మాట్లాడుతూ మాట్లాడుతూనే కూలిపోయారట. పొలం సంగతులన్నీ ఆయన మనసులోనే ఉండేవి. దస్తావేజులు ఎక్కడ దాచారో పెళ్లానికి గానీ, ఇద్దరు కొడుకులకు గానీ తెలియదు. ఇదే అదనుగా పక్క పొలం వాళ్లు గట్టు జరపడం మొదలుపెట్టారు. దినాలైనా కాకముందే అత్తగారు అటకెక్కి వెతకవలసి వచ్చింది. చివరికి ఆ కాగితాలు బుచ్చయ్యపేటలో మామగారి స్నేహితుడి ఇంట్లో భద్రంగా ఉన్నాయని తెలిసింది గానీ, అప్పటికే ఒక పక్క గట్టు పోనే పోయింది.

"పోయిన నేల గురించి కాదే నా బాధ" అనేది నాతో. "మీ మావ పోతే నాను తిన్నగా ఏడవనేదు. అటకెక్కి బస్తాలు దులిపేను."

అందుకే, గానుగ పనులు ముగిసి ఇల్లు తెరిపిన పడ్డ మధ్యాహ్నాల్లో ఆవిడ ఉన్నట్టుండి మంచం మీద వాలేది. "సచ్చిపోనానర్రా. ఇంక కానీండి" అనేది. మొదటిసారి ఆ మాట విని నేను నిజంగానే ఏడుపు లంకించుకున్నాను. ఆవిడ ఒక కన్ను తెరిచి, "ఒసే గుంటా, ఏడుపు తరవాత. ముందు పొలం కాయితాలెక్కడున్నాయో సెప్పు" అంది. నాకేం తెలుసు? మా ఆయన దేవుడి గదిలోకి పరిగెత్తాడు. మరిది అప్పారావు ధాన్యం గాదె చుట్టూ తిరిగొచ్చి, "అమ్మా, ఇనప్పెట్టె తాళమెక్కడెట్టేవు?" అని అడిగాడు.

"సచ్చినోల్ని అడుగుతావేట్రా?" అని ఆవిడ మళ్లీ కన్ను మూసుకుంది. ఆపుకున్న నవ్వుకి మంచం కిర్రుకిర్రుమంటూనే ఉంది.

ఆ సాయంత్రమే నా చెయ్యి పట్టుకుని ఇల్లంతా తిప్పింది. ఇనప్పెట్టెలో వేపాకు మధ్య మడిచిన దస్తావేజులు చూపించింది. వంటింటి చూరులో తాళంచెవి చూపించింది. ముందుగా ఎవరికి కబురు పెట్టాలో చెప్పింది. "మగోల్లు పొలంలో ఉంటారు. ఇంట్లో ఉండేది నువ్వు" అంది. అయితే ఎక్కువసేపు చెప్పింది మాత్రం కాగితాల్లో లేని సంగతులే. తూర్పు పొలంలో నుయ్యి మాట మీద మాదీ, గట్టు అవతలి వాళ్లదీ కూడా; వేసవిలో ముందు వాళ్లనే తోడుకోనివ్వాలి. ఇక మామగారి చెల్లెలు పైడత్త. చిన్న వయసులోనే భర్త పోతే ఈ ఇంటికే వచ్చి ఉండిపోయిన మనిషి.

"అది అన్నం కావాలని నోరిడిసి అడగదే. పక్కన కూకుంటేనే తింటాది. ఇది ఏ కాయితంలోనూ ఉండదు. నువ్వే గురుతెట్టుకోవాల."

ఆ మాట చెప్పేటప్పుడు ఆవిడ మొహంలో నవ్వు లేదు. "అలాగే అత్తా" అన్నాను. "అలాగే కాదు, తిరిగి సెప్పు" అంది. బళ్లో పాఠం అప్పజెప్పినట్టు అంతా అప్పజెప్పాను. మా నాన్న తెచ్చిన హల్వా ఉంటే ఒక ముక్క నా నోట్లో పెట్టి, "ఇంక నాను నిమ్మళంగా బతుకుతాను" అంది.

అలాగే బతికింది కూడా. కొన్నేళ్ల తరవాత ఒక పొద్దున పెరట్లో మొహం కడుక్కుని వచ్చి మంచం మీద వాలింది. "లేమ్మా, ఇయాల ఆటకి టైము లేదు" అన్నాడు అప్పారావు. ఆవిడ లేవలేదు.

ఆ రోజు మా ఇంట్లో ఎవరూ దేనికోసమూ వెతకలేదు. ఎవరికి కబురు వెళ్లాలో వాళ్లకు వెళ్లింది. నేను ఆవిడ కాళ్ల దగ్గర కూర్చుని కరువుతీరా ఏడ్చాను. పొద్దుగూకాక పైడత్త ముందు కంచం పెట్టి పక్కనే కూర్చున్నాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, "సెప్పిందా?" అంది.

"సెప్పింది" అన్నాను. అప్పుడు ముద్ద కలుపుకుంది.

ఇప్పుడు మాకు పొలం కొంచెమే మిగిలింది. కాగితాలు మాత్రం పెరిగాయి. బ్యాంకు పాసుపుస్తకం, ఇన్సూరెన్సు పత్రం ఎక్కడున్నాయో పిల్లలకు చూపిస్తూనే ఉంటాను. అది అయ్యాక అసలు సంగతులు మొదలుపెడతాను. మా తమ్ముడితో ఉన్న పట్టింపులో తప్పు సగం నాదే, వాడి ఇంట్లో శుభకార్యానికి వీళ్లు వెళ్లడం మానకూడదు. పక్కింటి ముసలాయనకి చెవుడు, తలుపు గట్టిగా కొట్టి పలకరించాలి. ఇలాంటివి ఒకటి తరవాత ఒకటి గుర్తొస్తాయి.

మా అబ్బాయి లేచిపోబోతాడు. "ఇప్పుడెందుకమ్మా ఆ మాటలు?" అంటాడు.

"బతికుండగానే కదరా సెప్పగలను. కూకో" అంటాను.

గొణుక్కుంటూనే కూర్చుంటాడు.