పసుపు పెయింటు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో కోపానికి పేరుపడ్డవాళ్ళు ఒకప్పుడు ముగ్గురు ఉండేవారు. ఒకాయన కాలం చేశాడు. రెండో ఆయన రిటైరై పలాస వెళ్ళి, జీడితోటలో శాంతించాడని వినికిడి. మూడోవాడు అప్పలకొండ. అతను ఇంకా డ్యూటీలో ఉన్నాడు. కోపం కూడా డ్యూటీలోనే ఉంది, సెలవు పెట్టిన దాఖలా లేదు.

అతని తాత విజయనగరం వైపు నుంచి పట్టాలు వెయ్యడానికి వచ్చాడు. తండ్రి ఆవిరి ఇంజన్లకు బొగ్గు వేశాడు. అప్పలకొండ డీజిల్ షెడ్డులో టర్బో సెక్షన్లో ఇరవై మూడేళ్ళు పనిచేశాడు. టర్బో అంటే, ఇంజను వదిలేసిన పొగతోనే ఒక చక్రం తిప్పించి, ఆ చక్రం చేత ఇంజను నోట్లోకి గాలి కుక్కించే యంత్రం. పారేసినదానితో కూడా పని చేయించుకోవడం రైల్వేలో ఇంకే విభాగానికీ చేతకాలేదని అప్పలకొండ అభిప్రాయం.

ఆ యంత్రానికి ఒక పరీక్ష ఉంది, పేరు రన్‌డౌన్. ఇంజను ఆపాక టర్బో చక్రం తన ఊపుకి తాను తిరుగుతూ ఎంతసేపటికి ఆగుతుందో చెవి పెట్టి, గడియారం చూసి లెక్కపెట్టాలి. రైలింజనుకైతే తొంభై సెకన్లకు తగ్గకూడదు. తగ్గితే బేరింగులో రోగం ఉన్నట్టు. దానికంటే పెద్ద నియమం ఇంకొకటుంది. బాగా పరుగెత్తి కాగిన ఇంజన్ను ఠక్కున ఆపకూడదు. మూడు నిమిషాలు నెమ్మదిగా నడవనిచ్చి, చల్లబరిచి ఆపాలి. వేడి మీద ఆపితే నూనె ఆగిపోతుంది, చక్రం మాత్రం ఆగదు. ఎండిన బేరింగు మాడి చస్తుంది.

అప్పలకొండ కోపానికి మూలం ఇక్కడే ఉంది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక ఇంజనుకు టర్బో బిగించి, రన్‌డౌన్ నూటపది సెకన్లు చూసి, షెడ్డు ఆచారం ప్రకారం టర్బో డొక్క మీద సుద్దముక్కతో తేదీ, సెకన్లు రాశాడు. కింద తన పొడి అక్షరాలు, పక్కన సూపర్‌వైజరు రవిచంద్రగారి పొడి అక్షరాలు. ఆ మధ్యాహ్నమే పెద్దాఫీసరు తనిఖీకి వస్తున్నాడని కబురు వచ్చింది. ఆఫీసరుగారి చెవులకు మోత తగలకూడదని, ఫుల్ లోడు మీద పరీక్షలో ఉన్న ఆ ఇంజన్ను రవిచంద్రగారు అప్పటికప్పుడు ఆపించేశారు. ఆఫీసరు వచ్చి, గోడకు వేసిన సున్నం చూసి సంతోషించి వెళ్ళాడు. మూడో రోజున ఆ టర్బో గూడ్సుబండిని సెక్షన్ మధ్యలో నిలబెట్టేసింది.

ఇంజన్ను ఈడ్చుకొచ్చిన ఉదయం అప్పలకొండ కళ్ళారా చూశాడు, సుద్దరాత ఉంది. టీ తాగి వచ్చేసరికి లేదు. డొక్క తళతళ లాడుతోంది, కిరసనాయిలు వాసన కొడుతోంది. విచారణ నివేదికలో రవిచంద్రగారు తమ ముత్యాల్లాంటి చేతిరాతతో కారణం రాశారు: ‘ఫిట్టరు అజాగ్రత్తగా బిగించుట.’ అప్పలకొండకు చార్జిషీటు వచ్చింది, రావలసిన ప్రమోషను రాలేదు. తరవాత లైన్లన్నీ కరెంటువై, టర్బో సెక్షన్‌కు తాళం పడింది. అతన్ని తీసుకెళ్ళి టూల్ రూములో స్పానర్లు లెక్కపెట్టి ఇచ్చే కుర్చీలో కూర్చోబెట్టారు.

ఆ రాత మాయమైన రోజు నుంచి అతను సుద్దముక్క ముట్టలేదు. సైలెన్సర్లకు వేసే, వేడికి ఓర్చే పసుపు పెయింటు డబ్బా ఒకటి, సన్న కుంచె ఒకటి కొన్నాడు. ఇంట్లో తాను చెయ్యిపెట్టిన ప్రతి వస్తువు మీదా తేదీ, పొడి అక్షరాలు వెలిశాయి. కుక్కరు మీద వాషరు మార్చిన తేదీ, ఫ్యాను మీద కెపాసిటరు తేదీ, గుమ్మం మీద గడియ బిగించిన తేదీ.

“కుక్కర్ వాషర్ తేదీ గుర్తున్నాది గాని పెళ్ళిరోజు గుర్తులేదు ఈ మనిషికి,” అనేది భార్య భానుప్రియ. “నా నుదుటి మీద కూడా రాసీండి, ఓ పనైపోద్ది.”

“నీకు నాను గ్యారంటీ ఇవ్వలేను.”

“తొంభై సెకన్లంతారు కదా మీ టర్బోకి. మీ కోపానికెంతండీ? ఎనిమిదేళ్ళయినాది, ఇంకా తిరుగుతానే ఉన్నాది.”

ఆ మాటకు అతనికి ఇంకాస్త కోపం వచ్చింది, మాట నిజం కావడం వల్ల.

కోపానికి చేతినిండా పని కావాలి. అందుకని తఖత్‌పూర్‌లో ఒక కిరాణా వర్తకుడు వదిలించుకుంటున్న పాత డీజిల్ కారు కొన్నాడు. చిన్న కారు, చిన్న టర్బో. క్వార్టరు వెనక రేకుల కింద రెండేళ్ళు దాన్ని విప్పాడు, బిగించాడు, తిట్టాడు. గాలి చల్లబరిచే రేడియేటరు పెద్దది పెట్టాడు, పొగగొట్టం వెడల్పు చేశాడు, టర్బో ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచాడు. రైలింజను చక్రం తొంభై సెకన్లు తిరిగితే, ఈ చిట్టి చక్రానికి ఏడు సెకన్లని తానే ప్రమాణం విధించాడు. రోజూ బండి ఆపాక బానెట్ ఎత్తి, గర్భిణి కడుపుకు చెవి పెట్టే డాక్టరులా వంగి వినేవాడు. ఏడు వస్తేనే అన్నం తినేవాడు.

మంగ్లా దాటాక ఒక రియలెస్టేటు ఆసామి తన తల్లి పేరు మీద ‘శాంతాదేవి ఎన్‌క్లేవ్’ వేశాడు. దానికి ఆర్చీ ఉంది, వాచ్‌మన్ ఉన్నాడు, నాలుగువందల మీటర్ల తిన్నని సిమెంటు రోడ్డు ఉంది. ఇళ్ళొక్కటే లేవు. ఆ రోడ్డును మంగ్లాలో గ్యారేజీ నడిపే దిలీప్ అనే కుర్రవాడు ఆదివారం పొద్దున పూట అద్దెకు తీసుకుని, కార్ల పరుగు పందేలు పెట్టేవాడు. ఇద్దరిద్దరు పక్కపక్కన నిలబడి, దీపం వెలగగానే దూసుకెళ్ళి, ఆ చివర గీత దాటాలి. ఒక్కో బండికి ఐదు పరుగులు, అందులో మంచిది లెక్క. అప్పలకొండ ఒక ఆదివారం బండి కడిగి వెళ్ళాడు.

అక్కడ గొడుగు కింద, ప్లాస్టిక్ కుర్చీలో, మెడలో ఈలతో రవిచంద్రగారు కూర్చుని ఉన్నారు.

ఆయన రిటైరై మూడేళ్ళయింది. దిలీప్ ఆయన్ను సాంకేతిక సలహాదారుగా పెట్టుకున్నాడు. నిబంధనలు ఆయనే రాశారు, అట్టకు అంటించారు. ఆరో నిబంధన: ‘గీత దాటి ఆగిన వెంటనే ఇంజను ఆపవలెను. లేనిచో ఆ పరుగు రద్దు.’

అప్పలకొండ ఆ అట్ట ముందు నిలబడి రెండుసార్లు చదివాడు.

“సార్, ఇదేటి సార్? వేడి మీద ఆపీమంతారేటి?”

“ఓ, అప్పలకొండా! బాగున్నావా?” అన్నారు రవిచంద్రగారు, మధ్యలో ఎనిమిదేళ్ళు ఎవరో చెప్పిన కథ అయినట్టు. “చుట్టుపక్కల వాళ్ళు మోతని గొడవ చేస్తున్నారయ్యా. క్రమశిక్షణ అన్నది ఒకటుండాలి కదా.”

“చుట్టుపక్కల మేకలున్నాయి సార్. మేకలు గొడవ సేసినాయా?”

కంగారెందుకు, ఇది రైల్వే కాదుగా అన్నట్టు దిలీప్ నవ్వాడు. “అంకుల్, టెన్షన్ మత్ లో. యే రేల్వే నహీ హై.”

దిలీప్ కారుకు అప్పటికి పెట్టింది మూడో టర్బో. మొదటి రెండూ పోయాయి. రెండుసార్లూ రవిచంద్రగారు కారణం రాశారు, రెండుసార్లూ అదే కారణం. బిగించినవాడు సూర్యం, రైల్వే కాలనీ వాడే, దిలీప్ గ్యారేజీలో పనిచేసే నలభై ఏళ్ళ మెకానిక్. అతను ఒక పక్కన, ఇద్దరు పిల్లల తండ్రి నిలబడవలసినంత అణకువగా నిలబడ్డాడు.

“మళ్ళీ టర్బో పోతే కల్ సే మత్ ఆనా, పనిలోకి రావొద్దన్నాడు మావా,” అని అప్పలకొండ చెవిలో చెప్పాడు. “ఒట్టు, నేను సరిగ్గానే బిగించినాను.”

అప్పలకొండ తన కారు దగ్గరకు వెళ్ళి పెయింటు డబ్బా తెచ్చాడు. రవిచంద్రగారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అతను చేతులు కట్టుకోవడం ఎనిమిదేళ్ళలో అదే మొదలు.

“సార్, మీలాటి పెద్దలున్నారు కదా. పరుగుకి ముందు టర్బోలు తమరే పరీక్ష సేసి, సెకన్లు రాసి, సంతకం పెట్టీండి. నా ఒక్క బండికే కాదు, అన్నిటికీ. మన షెడ్డులోలాగ.”

రిటైరైన అధికారికి లోకంలో అన్నీ దొరుకుతాయి, సంతకం అడిగేవాడు తప్ప. రవిచంద్రగారి ముఖం వికసించింది.

“నీ పెయింటు పిచ్చి ఇంకా పోలేదన్నమాట!” అంటూనే కుంచె అందుకున్నారు. ఏడు కార్లకు ఏడు బానెట్లు ఎత్తించారు. ఆయన వినడం, కుర్రాళ్ళు ఫోన్లలో వీడియో తియ్యడం. అప్పలకొండ కారుకు ఏడు సెకన్లు. దిలీప్ కారుకు ఏడున్నర. ‘బిగింపు సరి’ అని ఒక్కో టర్బో పక్కన రేకు మీద పసుపు అక్షరాలు వేసి, కింద ర.చ. అని చెక్కినట్టు రాశారు. సూర్యం బిగింపు ఎంత బాగుందో ఆయన దిలీప్‌కు స్వయంగా వివరించారు కూడా.

పరుగులు మొదలయ్యాయి. అప్పలకొండ మొదటిసారి గీత దాటి, బండి పక్కకు తీసి, ఇంజను నడవనిస్తూ మూడు నిమిషాలు కూర్చున్నాడు. ఈల మోగింది. బోర్డు మీద అతని పేరు ఎదురుగా సున్నా పడింది. రెండో పరుగు, మళ్ళీ మూడు నిమిషాలు, మళ్ళీ ఈల.

“అప్పలకొండా, ఇంజను ఆపు! ఎన్నిసార్లు చెప్పాలి?”

“నా టర్బోని నాను సంపుకోను సార్!”

“నిబంధన అంటే నిబంధనే!”

“నా కోపం కూడా అంతే సార్!”

ఐదు పరుగులకు ఐదు సున్నాలు వచ్చాయి. పదిహేనున్నర సెకన్లలో గీత దాటిన బండి, బోర్డు మీద అసలు కదలనట్టే ఉంది. అయినా ఐదోసారి కూడా మూడు నిమిషాలు పూర్తిగా కూర్చున్నాడు, పళ్ళు నూరుతూ.

దిలీప్ మాత్రం నిబంధనకు బద్ధుడు. గీత దాటడం, ఠక్కున ఆపడం, చప్పట్లు. నాలుగోసారి అతను ఆపినప్పుడు పక్కనున్న అప్పలకొండకు చక్రం ఈల వినిపించింది. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పొద్దున ఏడున్నర సెకన్లు తిరిగిన చక్రానికి రెండు వేళ్ళు చాలాయి.

“దిలీప్ బేటా, ఇంక తియ్యకు. మత్ చలావ్. బేరింగ్ గయా.”

“జలన్ హో రహీ హై క్యా, అంకుల్?” అని, అతని మాటను అసూయ కింద జమకట్టి దిలీప్ ఐదో పరుగుకు వెళ్ళాడు. సగం దారిలో గొట్టం నుంచి నీలిపొగ లేచింది. ఆ పొగ ఆర్చీ దాకా వచ్చి, శాంతాదేవిగారి పేరును కాసేపు కప్పేసింది.

అందరూ పరుగెత్తారు. రవిచంద్రగారు మాత్రం హోదాకు తగినట్టు నడిచి వచ్చారు. బానెట్లోకి తొంగిచూశారు, జేబులోంచి పెన్ను తీశారు. అప్పలకొండ ఆయన భుజం మీంచి కాగితం చూశాడు. అదే ముత్యాల రాత, అవే మాటలు: ‘ఫిట్టరు అజాగ్రత్తగా బిగించుట.’

“సూర్యం, కల్ సే మత్ ఆనా,” అన్నాడు దిలీప్.

సూర్యం నోరు తెరిచాడు గాని మాట రాలేదు. ఎనిమిదేళ్ళ కిందట విచారణ గదిలో అప్పలకొండకూ రాలేదు. ఆ రోజు రానిదంతా ఇప్పుడు ఒక్కసారిగా వచ్చింది.

“ఆగండి సార్!”

ఆ కేకకు వాచ్‌మన్ కూడా లేచి నిలబడ్డాడు. అప్పలకొండ తన కారు డిక్కీలోంచి కిరసనాయిలు సీసా, పాత గుడ్డ తెచ్చాడు. గుడ్డను తడిపి రవిచంద్రగారి చేతిలో పెట్టాడు.

“తుడవండి.”

“ఏమిటయ్యా ఇది?”

“రేకు మీద తమరు రాసినారు కదా, ‘బిగింపు సరి’ అని. తొమ్మిదింటికి సరిగ్గా ఉన్న బిగింపు పదకొండింటికి ఎవులు పాడు సేసినారు? మజ్జిలో సూర్యం బానెట్లో సెయ్యెట్టినాడా? నాలుగుసార్లు వేడి మీద ఆపించినోళ్ళెవులు? ఆ రాతుంటే తమరి కాయితం అబద్ధమవుద్ది. అందుకే తుడిచీండి. తమరికి అలవాటే!”

చుట్టూ ఫోన్లు లేచాయి. రవిచంద్రగారు ఏమనుకున్నారో, ఆ గుడ్డతో నిజంగానే ఒకసారి రుద్దారు. చెయ్యికి అలవాటైన పని మనసు అనుమతి అడగదు. పొగమసి పోయింది, కిందనుంచి పసుపు అక్షరాలు మరింత మెరిసిపోతూ బయటపడ్డాయి. నాలుగు పరుగుల వేడికి పెయింటు కాలి, రేకులో భాగమైపోయింది.

“సుద్ద కాదు సార్ అది,” అన్నాడు అప్పలకొండ. “ఆ రోజు గుడ్డ ఎవరి చేతిలో ఉన్నాది సార్? నాను టీ తాగడానికెల్లినప్పుడు?”

రవిచంద్రగారు ఆర్చీ వైపు చూశారు, మేకల వైపు చూశారు.

“అప్పలకొండా… అది ఎనిమిదేళ్ళ కిందటి మాటయ్యా.”

నేను కాదు అని మాత్రం అనలేదు.

దిలీప్ బానెట్లోని పసుపు అక్షరాలు చదివాడు, ఫోను తీసి పొద్దుటి వీడియో మళ్ళీ చూశాడు. ముందు రెండు టర్బోలు గుర్తొచ్చినట్టున్నాయి. మెల్లగా రవిచంద్రగారి చేతిలోంచి కాగితం తీసుకుని, చదివి, తిరిగి ఇచ్చాడు. “సర్జీ, దూస్రా లిఖియే,” అన్నాడు, ఇంకో కారణం రాయమని. రవిచంద్రగారు కొట్టేసి, కింద రాశారు: ‘వేడి మీద ఇంజను ఆపుట వలన.’ ఈసారి ముత్యాలు కొంచెం వంకరగా వచ్చాయి. సూర్యం అట్ట దగ్గరకు వెళ్ళి, ఎవరినీ అడక్కుండా, ఆరో నిబంధన మీద గ్రీజు పూసేశాడు.

“మావా, నీ ఐదు పరుగులూ లెక్కెయ్యమందామా?” అన్నాడు తిరిగొచ్చి.

“అక్కర్లేదు.”

“అయితే కోపం తీరినట్టేనా?”

“ఎవుడన్నాడు?” అని కసిరాడు అప్పలకొండ. “నా ఎనిమిదేళ్ళ మీద సంతకం ఎవుడెడతాడు? నువ్వా?”

అతను వెళ్ళి కారు స్టార్టు చేశాడు. ఎన్‌క్లేవ్‌కు దారి ఒక్కటే, ఆర్చీ కింద ఒక్క కారు పట్టేంత. అప్పలకొండ సరిగ్గా అక్కడికి వెళ్ళి, చేతి బ్రేకు వేసి, ఇంజను నెమ్మదిగా నడవనిచ్చాడు. వెనక ఆరు కార్లు ఆగాయి. అతని వెనకే ఉన్నది రవిచంద్రగారి కారు.

ఒక నిమిషమైంది. అప్పలకొండ ఇంజను ఆపలేదు, బండి తియ్యలేదు. అద్దంలో వెనక్కి చూస్తూ, గడియారం చూస్తూ కూర్చున్నాడు. దవడ ఇంకా బిగిసే ఉంది.

మూడు నిమిషాలు. వెనక ఎవరూ హారన్ కొట్టలేదు.