ఫొటోలో కనిపించిన గళ్ళు

కోవిడ్ ఆంక్షలు తొలగి అందరూ ఆఫీసులకు తిరిగి వస్తున్న వేసవిలో నన్ను గుర్‌గావ్‌లోని ప్రధాన కార్యాలయానికి, ఐటీ భద్రత విభాగంలో డిప్యూటీ మేనేజర్‌గా మార్చారు. రిటైరయ్యే ముందు అదే నా చివరి పోస్టింగు. మాది వాహనాల విడిభాగాలు తయారుచేసే కంపెనీ. చేరిన కొత్తలోనే ఒక విచారణ సంఘంలో సాంకేతిక సభ్యుడిగా కూర్చోవలసి వచ్చింది.

ఇంకా మార్కెట్లోకి రాని ఒక బ్రేకు భాగం డ్రాయింగు పోటీ కంపెనీ చేతికి చిక్కింది. మాకు దొరికిన ఆధారం ఒక్క ఫొటో. ఎవరో తెరకు ఫోను బాగా దగ్గరగా పెట్టి, కొలతలున్న మూలను మాత్రం తీశారు. ఆ డ్రాయింగు గీసింది స్రవంతి అనే డిజైన్ ఇంజనీరు. జగిత్యాల అమ్మాయి, ఢిల్లీ జనక్‌పురిలో అద్దెగదిలో ఉండేది. ఫైలు తెరిచే అనుమతి ఆమెకూ, ప్రాజెక్టు అధిపతి మెహ్రాకూ మాత్రమే ఉంది. పైగా ఆమె ఆ పోటీ కంపెనీకే ఇంటర్వ్యూకు వెళ్లివచ్చిందని తెలిసింది. సంఘంలో అందరికీ విషయం తేలిపోయినట్టే అనిపించింది. నాకూ అలాగే అనిపించింది.

పిలిచి అడిగితే ఆమె తడబడలేదు. “ఇంటర్వ్యూకు పోయిన మాట నిజమే సార్. ఇంకో పని ఎతుక్కునుడు దొంగతనమా? ఫొటో మాత్రం నేను తియ్యలే,” అంది.

ఆమె నాతో తెలుగులో మాట్లాడడం మెహ్రా చెవిన పడింది. వరండాలో నన్ను ఆపి, నవ్వుతూనే, “ఆప్ భీ తెలుగు, వో భీ తెలుగు. అచ్ఛా హై,” అన్నాడు, మీరూ తెలుగే, ఆమే తెలుగే, బాగుంది అన్నట్టు. అనుమానం నా మీదికీ పాకిందని అర్థమైంది. ఇక నేనేం చెప్పినా ఎవరి కళ్ళకైనా కనిపించేదే చెప్పాలి.

ఫొటోను పెద్దది చేసి చూశాను. గీతల వెనక దోమతెరలాంటి సన్నని గళ్ళు కనిపించాయి. ఇప్పటి తెరల మీద బొమ్మంతా పిక్సెళ్ళనే చుక్కలతో ఏర్పడుతుంది. ఒక్కో చుక్కలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం పట్టీలు పక్కపక్కన నిలువుగా ఉంటాయి. చుక్కల మధ్య సందులే దగ్గర నుంచి గళ్ళలా కనిపిస్తాయి. మా ఆఫీసు మానిటర్లలో ఎడమ నుంచి ఎరుపు ముందు వస్తుంది. ఫొటోలో నీలం ముందుంది. ఫోను తలకిందులుగా పట్టుకుంటే ఇలా రావచ్చు గానీ, అప్పుడు అంకెలు కూడా తిరగబడాలి. అవి నిటారుగానే ఉన్నాయి.

భూతద్దం పట్టుకుని ఆ అంతస్తులోని తెరలన్నీ చూశాను. స్రవంతిది, మెహ్రాది కూడా. అన్నింటిలోనూ ఎరుపే ముందు. మిగిలింది పై అధికారుల సమావేశ గది. అక్కడి గోడ తెరను, కేబుళ్ళు అందడం కోసం తలకిందులుగా బిగించి, బొమ్మను సెట్టింగులో తిప్పారట. దాంతో పట్టీల వరుస కూడా తిరగబడి, అందులో నీలం ముందుంది. ఆ గది తలుపు స్రవంతి స్థాయి ఉద్యోగుల కార్డుకు తెరుచుకోదు.

సంఘం సభ్యుల చేతికి భూతద్దం ఇచ్చి చూపించాను. డ్రాయింగును ఎక్కడా ప్రదర్శించలేదని అంతవరకూ చెప్పిన మెహ్రా, ఒకసారి అక్కడ చూపించి ఉంటానేమోనని మాట మార్చాడు. అప్పుడు గదిలో ఎవరెవరున్నారో గుర్తులేదన్నాడు.

ఫొటో ఆ గది తెర మీద తీసిందనీ, తీసిన చెయ్యి ఎవరిదో తేలలేదనీ నివేదిక రాశాను. మెహ్రా పేరు చేర్చమని ఒక సభ్యుడు, గది ప్రస్తావన తీసేయమని మరొకరు అడిగారు. రెండూ చేయలేదు. తర్వాత మెహ్రాను వేరే ప్లాంటుకు పంపారు. కారణం ఎవరూ చెప్పలేదు.

స్రవంతి మీద ఆరోపణ ఎత్తేశారు. అయినా ఆమె దగ్గరికొస్తే పక్క సీట్లవాళ్ళు తెర మీది ఫైళ్ళు మూసేసేవారు. “కాయితం మీద సాఫయింది సార్, గని వీళ్ళ కండ్లల్ల కాలే,” అని నాతో చెప్పి, రాజీనామా ఇచ్చి వెళ్లిపోయింది.

ఆ తర్వాతి విచారణల్లో, మనిషిని పిలవడానికి ముందే వస్తువును పరీక్షించడం పద్ధతిగా పెట్టుకున్నాను. ముందుగా పిలిస్తే, తప్పు లేదని తేలినా సరే, పిలిచారన్న సంగతే అందరికీ గుర్తుంటుంది.