ఎర్రగీత కార్డు

1981లో నేను జమ్మలమడుగు దగ్గర ఒక ఫ్యాక్టరీ కంప్యూటర్ గదిలో పంచ్ ఆపరేటర్‌ని. పదో తరగతి తప్పి, ప్రొద్దుటూరులో టైపు నేర్చుకుని, రోజూ కంపెనీ బస్సులో పోయి వచ్చేదాన్ని. ప్రోగ్రామర్లు కాగితం మీద రాసింది అట్టకార్డుల మీద చిల్లులుగా కొట్టడం నా పని. ఒక్కో ప్రోగ్రాంకు ఒక్కో కార్డుల కట్ట. ఆ కట్టను మెషిన్ చదివి తన భాషలోకి మార్చుకోవడాన్ని కంపైల్ అంటారు.

ఆ ఏడు గది నిండా ఉండే మా మెయిన్‌ఫ్రేమ్‌కు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ వచ్చింది. మెషిన్ మీద పెత్తనం చేసేది అదే. పెత్తనం మారింది కాబట్టి పాత ప్రోగ్రాములన్నీ మళ్లీ కంపైల్ చేయాలన్నారు. ఒక కట్ట పెట్టాలి, అయ్యేదాకా కాచుకోవాలి, తీసి ఇంకోటి పెట్టాలి. సరిగ్గా అప్పుడే పులివెందుల వైపు రెండు ఊళ్ల కక్షల్లో ఒక మనిషిని నరికేశారు. పొద్దు గూకకముందే బస్సు బయల్దేరాలని ఆర్డరు వచ్చింది, ఇక రాత్రి కూర్చుని కట్టలు మార్చేవాళ్లు లేరు.

మా ప్రోగ్రామర్లు ఓబులేసు, సుబ్బరాయుడు ఆ రెండు ఊళ్లవాళ్లే. వాళ్లిద్దరికీ గొడవేమీ లేదు. అయినా ఒకరి చేతి కార్డులు ఇంకొకరు అందుకునేవాళ్లు కాదు. ఎవరు చూసి ఊళ్లో ఏమని చెబుతారో అని భయం. ఒకరు నా బల్ల మీద పెడితే, నేను తీసి రెండోవాళ్లకు ఇవ్వాలి.

మా ఆఫీసరు మద్రాసాయన. కట్టలన్నీ ఒకటిగా పేర్పించి, తర్వాత ఏం చేయాలో మెషిన్‌కు చెప్పే కంట్రోల్ కార్డులు మధ్యమధ్యలో పెట్టించారు. దాన్ని బ్యాచ్ అంటారు. పిండిమర దగ్గర జొన్నల డబ్బాలు వరుసపెట్టి ఇంటికి పోయినట్టు. క్వార్టర్స్‌లో ఉండే మెషిన్ ఆపరేటరు రాత్రి ఒకసారి కార్డులు నింపితే చాలు, మిగతాది మెషిన్ చూసుకుంటుంది.

పొద్దున వచ్చి చూస్తే, ముందున్న ఓబులేసు ప్రోగ్రాంలో తప్పుంది. మెషిన్ దాని వెనకున్నవన్నీ వదిలేసింది. అవన్నీ సుబ్బరాయుడివి.

సుబ్బరాయుడు ఓబులేసు వైపు చూడకుండా నాతో అన్నాడు. "అక్కా, ఆయప్పను అడుగు. వాళ్లోళ్లు మా చేన్లకు నీళ్లాపినారు. ఈడ కూడా ఆపల్లనా ఏంది?"

ఆ మాట ఊరు చేరితే ఇంకో మనిషి పోతాడు. ఓబులేసు గబుక్కున లేచాడు.

"కావాలని చేసింది కాదు ప్పా. అక్కా, ఇంగ నా కట్ట అన్నిటి వెనక, కడాన పెట్టు."

"కడాన పెడితే? రేపు నాది తప్పి నీది నిలిచిపోతాది. అప్పుడు మీవోళ్లు నన్ను ఊరికే ఇడుస్తారా?"

వాళ్లు నేరుగా మాట్లాడుకోవడం నేను చూడటం అదే మొదలు.

ఆఫీసరు కంట్రోల్ కార్డులు తీసి చూశారు. "అన్నిటినీ ఒకే జాబ్ కింద కట్టేశాం. అదే మన పొరపాటు" అన్నారు. జాబ్ అంటే మెషిన్‌కు అప్పజెప్పే ఒక పని. అందులో తప్పు వస్తే, ముగింపు కార్డు కనబడేదాకా ఉన్నదంతా మెషిన్ వదిలేస్తుంది. అందుకని ఏ ప్రోగ్రాంకు ఆ ప్రోగ్రాం వేరే జాబ్‌గా, దేనికి దానికి ముగింపు కార్డు పెట్టమన్నారు. అవన్నీ నేనే కొట్టి, ప్రతిదాని పైఅంచుకూ ఎర్రసిరాతో గీత గీశాను.

"గీత ఎందుకమ్మా?" అన్నారు ఆఫీసరు.

"గట్టు సార్. ఎవరి చేను యాడికో తెలియల్ల కదా."

ముందు ఎవరి కట్ట అనే మాట మళ్లీ లేచింది; ఏం జరిగినా ముందున్నవాళ్ల మీదే నింద పడుతుందని ఇద్దరికీ భయం. "ముందర నాది" అన్నాను. ఊరికే తేదీ ప్రింటు చేసే చిన్న జాబ్ ఒకటి కొట్టి అన్నిటికన్నా ముందు పెట్టాను. ఇక ముందున్నది వాళ్లిద్దరిలో ఎవరిదీ కాదు కాబట్టి, ఇద్దరూ కట్టలు తెచ్చి నా బల్ల మీద పెట్టారు.

మరుసటి పొద్దున ప్రింటు కాగితాలు తిప్పుతుంటే ఓబులేసుది మళ్లీ తప్పినట్టు కనబడింది. గబగబా కింది కాగితాలు తిప్పాను. ఎర్రగీత కార్డు దాటాక మాత్రం సుబ్బరాయుడివన్నీ వరుసగా కంపైల్ అయ్యాయి.

"ఓబులేసూ, నీది మళ్లా పాయె! నాయన్నీ వచ్చిండాయి సూడు!" అని సుబ్బరాయుడు పెద్దగా నవ్వాడు.

"నవ్వుదువులే! ఈ తూరి యాడ తప్పిందో నాకే తెలీడంల్యా."

"ఇట్ల తేప్పా, నేను చూస్తా."

ఓబులేసు నా బల్ల వైపు ఒక అడుగు వేసి ఆగాడు. తర్వాత అటే తిరిగి కట్టను సుబ్బరాయుడి చేతిలో పెట్టాడు. కార్డులు రెండు తారుమారయ్యాయని సుబ్బరాయుడే పట్టాడు.

తప్పు జరగకుండా ఎవరూ ఆపలేరు కానీ, అది పక్కవాడి మీద పడకుండా ఆపవచ్చని ఆ గదిలో నేర్చుకున్నాను. ఊళ్లకు అది తెలియడానికి శానా ఏళ్లు పట్టింది. మా మెషిన్‌కు మాత్రం ఆ వారంలోనే నేర్పించాం. ఆ గట్లన్నీ నా చేత్తో వేసినవే.