ఆషాఢంలో తగ్గిన తలనొప్పి

పుస్తకంలో దొరకని సంగతి లోకంలోనే ఉండదని నేను గట్టిగా నమ్మిన రోజులవి. కాలేజీ మొహం చూడకపోయినా, చిక్కడపల్లి లైబ్రరీలో ఖగోళం నుంచి కోళ్ల పెంపకం దాకా చదివేశాను కదా! అశోక్‌నగర్‌లో కిరాయి గది, నారాయణగూడలో కరెంటు సామాన్ల దుకాణంలో ఉద్యోగం, కొత్తగా పెళ్లి. అంత సుఖంలోకి ఒక తలనొప్పి వచ్చిపడింది. ఎప్పుడు పడితే అప్పుడు కాదు. ఆలుమగలం దగ్గరైనప్పుడు, సరిగ్గా సుఖం అంచున, మెడ వెనక పిడుగు పడినట్టు. తల పట్టుకుని కూర్చుంటే మా ఆవిడ హడలిపోయింది. "దిండు ఎత్తు ఎక్కువైంది" అన్నాను.

డాక్టరు దగ్గరికి పోవాల్సింది పోయి లైబ్రరీకి పోయాను. లావుపాటి వైద్య గ్రంథం తీసి (చుట్టూ పోటీ పరీక్షల పిల్లలు, అందుకని పైన పేపరు కప్పి) తలనొప్పుల అధ్యాయమంతా చదివాను. ఎండ, మలబద్ధకం, కళ్లద్దాలు, అన్నీ ఉన్నాయి, నాది లేదు. లేదు కాబట్టి జబ్బే కాదని తీర్మానించి, దిండు తీసేసి, చాయ్ మానేశాను.

అంతలో ఆషాఢం వచ్చింది. కొత్త కోడళ్ల ఆనవాయితీ ప్రకారం మా ఆవిడ పుట్టింటికి పోయింది. ఆ నెలంతా నొప్పి లేదు. చాయ్ మానితే తలనొప్పి ఎలా పోతుందో దుకాణంలో అందరికీ ఉపన్యాసాలిచ్చాను. (ఎందుకు పోయిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నాకు శ్రావణం దాకా తెలియలేదు.)

శ్రావణంలో ఆమె వచ్చింది, నొప్పీ వచ్చింది. భయపడి దగ్గరికి పోవడమే మానేశాను. సెలవు రోజు మధ్యాహ్నం కూడా పుస్తకం పట్టుకుని గోడవైపు తిరిగేవాణ్ని. ఒక ఆదివారం ఆమె ఆ పుస్తకం మెల్లగా లాగి పక్కన పెట్టింది.

"నేనంటే ఇష్టం లేదా? లేకుంటే లేదని చెప్పు, మా అమ్మోళ్లింట్ల దిగబెట్టు. ఇట్ల గోడ దిక్కు పండుకుంటే నేనేమనుకోవాలె?"

ఆమె అప్పటికే మనసులో బట్టలు సర్దుకుందని అర్థమై, ఉన్నదంతా చెప్పేశాను.

ఆమె లేచి కూర్చుంది. "గింత నొప్పి పెట్టుకొని దిండు మీద ఏసినవా? నడువు దవాఖానకు."

హైదర్‌గూడలో డాక్టరమ్మది మా అమ్మ వయసు. "మెట్లెక్కితే తలనొప్పండీ" అన్నాను.

"ఎన్ని మెట్లు?"

"మాది కింది గదే మేడం, మెట్లే లేవు" అంది మా ఆవిడ తల వంచుకుని. "మేం కలిసినప్పుడు వస్తది."

డాక్టరమ్మ నవ్వలేదు. బీపీ చూసింది. వాంతులు, మెడ బిగుసుకోవడం, చూపు రెండుగా కనబడటం, కాలూ చెయ్యీ పట్టు తప్పడం, స్పృహ పోవడం, ఒక్కొక్కటే అడిగింది. స్కానింగ్ తీయించింది. అందులో ఏమీ లేదని తేలాక అప్పుడు తిట్టింది.

"ఇది కొంతమందికి వస్తుంది, చాలావరకు దానంతటదే పోతుంది. కానీ మొదటిసారి అట్లా పిడుగులా వచ్చిన రోజే పరుగెత్తుకు రావాలి బాబూ. మెదడులో రక్తనాళం చిట్లినా అట్లాగే ఉంటుంది. అది ఇంట్లో కూర్చుని తేల్చుకునేది కాదు."

జబ్బుకో పొడుగాటి ఇంగ్లీషు పేరు చెప్పి, మాత్రలు రాసి, కొన్నాళ్లు ఆగమంది. బయటికొచ్చాక మా ఆవిడ కళ్లు తుడుచుకుని, "అయితే నా మీద అయిష్టం కాదన్నట్టు" అంది. కాదన్నాను. నారాయణగూడ మార్కెట్ గుండా నా చెయ్యి పట్టుకుని నడిచింది, అంతమంది చూస్తుండగా.

దారి పొడుగునా ఆమె ఏదో చెబుతూనే ఉంది. నేను మాత్రం డాక్టరమ్మ చెప్పిన జబ్బు పేరు మరిచిపోకుండా లోలోపల వల్లె వేస్తున్నాను. ఆ నొప్పి కొన్నాళ్లకు పోయింది, పేరు మాత్రం ఇప్పటికీ తప్పులేకుండా చెబుతాను. ఆ రోజు ఏం మాట్లాడావే అని ఇప్పుడు అడిగితే, "నాకేం గుర్తుంటది?" అని నవ్వుతుంది.