మస్తాన్‌బీ అక్క మిరప చేలో తవ్విన గుంట

నేను చదివింది ఐదో తరగతి దాకానే. ట్రాక్టరు స్టీరింగు పట్టిన చేతికి పెన్ను ఒక పట్టాన లొంగట్లా. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పోతే ఏమనుకోకండి. కానీ ఈ సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నా.

రెండేళ్ల కిందట, కనిగిరి దగ్గర మా ఊళ్లో జరిగింది. నాది రోటావేటర్ పని. అంటే ట్రాక్టరు వెనక తగిలించే కత్తుల యంత్రం, గిర్రున తిరిగి మట్టిని పొడి చేసేస్తది.

మస్తాన్‌బీ అక్క రెండెకరాలు కౌలుకి తీసుకుని మిరప వేస్తది. అంతకు ముందేడు చేలో మల్చింగ్ షీటు పరిచింది. అది మొక్కలు నాటే ఎత్తు మట్టి బోదెల మీద వేసే పల్చటి ప్లాస్టిక్ పట్ట, కలుపు రానివ్వదు, తేమ ఆరనివ్వదు. కాపు అయిపోయాక దాన్ని ఏరటానికి కూలోళ్లు దొరకలా. నేనే అన్నా, "ఎందుకక్కా తిప్పలు? రెండుసార్లు తిప్పానంటే పొడైపోద్ది" అని. తిప్పా. కత్తులకి చుట్టుకున్న పేలికల్ని కొడవలితో కోసి ఆ చేలోనే పారేశా కూడా.

మరుసటేడు అక్కడే మళ్లీ మిరప వేసింది. నీళ్లు పెట్టినా సరే, మధ్యాహ్నానికి మొక్కలు తలలు వాల్చేస్తున్నాయి. వేరు కుళ్లే ఎండు తెగులన్నారు అందరూ. మందులు పోసింది, తగ్గలా. చివరికి నాకు కబురు పెట్టింది.

"మొత్తం దున్నేయరా కోటయ్యా. పొలం వదిలేస్తానని ఆసామికి చెప్పేశా."

ఆ పొలం పోతే ఆమెకి ఇంకోటి ఇచ్చేవాళ్లు లేరు. మళ్లీ కూలికి పోవాల్సిందే.

యంత్రం దించబోతా ఉంటే, గట్టు పక్కన నల్ల పేలిక ఒకటి మట్టిలోంచి గాలికి ఆడతా కనిపించింది. కత్తులకి చుట్టుకుంటదని దిగి లాగా. లాగేకొద్దీ వస్తానే ఉంది, దాంతోపాటు మొక్క కూడా ఊడొచ్చింది!

"ఏరా, దున్నమంటే చేత్తో పీకుతున్నావా? ఇట్టాగైతే ఉగాదికి అవుద్ది!" అంది అక్క.

"అక్కా, ఇటు రా! తొందరగా!"

పామనుకుని కర్ర పట్టుకొచ్చింది. వేరు చూపించా. తెల్లగా ఉంది, కుళ్లు లేనే లేదు! కిందికి దిగాల్సిన వేరు పట్ట తగిలి పక్కకి తిరిగి పడుకుంది. పార తెచ్చి గుంట తవ్వా. జానెడు లోతులో ముక్క మీద ముక్క. పైన తడి, కింద పొడి దుమ్ము. పెట్టిన నీళ్లు కిందికి దిగట్లా. తెగులు కాదు, చేను బతుకుద్ది!

ఆ వెంటనే పోయినేడు నేను తిప్పింది గుర్తొచ్చింది. "అక్కా, ఇది నేను చేసిన పనే."

గుంటని చూసింది, నన్ను చూసింది. "అయితే నువ్వే తియ్యి. ట్రాక్టరు పక్కన పెట్టు. ఆసామితో నేను మళ్లీ మాట్లాడతా."

మర్నాడు, మేం కబురు పెడితే, వ్యవసాయ ఆఫీసు మేడం వచ్చి గుంటలోకి దిగి చూశారు. కొన్ని షీట్లలో మెత్తగా సాగటానికి ప్లాస్టిసైజర్ అనే మందు కలుపుతారంట. ఎండకీ వానకీ అది మట్టిలోకి కారొచ్చు, వానపాములకి మంచిది కాదు, మొక్క కూడా పీల్చుకోవచ్చన్నారు. ఆ పేరు నాలుగుసార్లు చెప్పించుకున్నా.

"పొడైతే పోద్దనుకున్నా మేడం."

"చిన్నదైందయ్యా, పోలేదు. ఇప్పుడు ఏరటం ఇంకా కష్టం."

పది రోజులు ఏరాం. బాగా వాడిపోయిన సాళ్లు దక్కలా. మిగతా మొక్కల పక్కన మట్టి గుల్ల చేసి, అందినంత లాగాం. ఒక పొద్దున రోడ్డు మీద పోతుంటే చేలోంచి కేక.

"ఒరేయ్ కోటయ్యా! చిగురేసిందిరా!"

బండి రోడ్డు మీదే వదిలేసి పరిగెత్తా.

ఇప్పుడు ఎవరు పిలిచినా ముందు చేలో నడుస్తా. పట్ట కనపడితే యంత్రం దించను. తిట్టి వేరే ట్రాక్టరు పిలుచుకునేవాళ్లూ ఉన్నారు. నా కత్తులు ఎంత చిన్న ముక్క చేస్తే అది చేతికి అంత అందకుండా పోద్దని నాకు తెలిసొచ్చింది. అక్క ఆ పొలం ఇంకా చేస్తానే ఉంది. వాన పడ్డప్పుడల్లా నల్ల ముక్కలు బయటపడతన్నాయి. వెళ్లి ఏరుతున్నా.

నా రాతలో తప్పులు కనపడితే క్షమించండి. మీ చేలో పట్ట కనపడితే మాత్రం వదలకండి.